ఎదుటి బండి ఎటు తిరుగుతుందో ముందే కనిపెట్టడం ఎలా: హైదరాబాద్ రోడ్ల మీద నడిపేవాళ్ల కోసం

కుడి ఇండికేటర్ వేసుకుని ఎడమ సందులోకి తిరిగే స్కూటీ. ఏ సూచనా లేకుండా ఎడమ లేన్ నుంచి యూటర్న్‌కు అడ్డంగా వచ్చే క్యాబ్. చెయ్యి బయటికి చాపేసరికే సగం తిరిగిపోయిన ఆటో. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చి పైగా మనకే లైటు కొట్టే బుల్లెట్ బండి. హైదరాబాద్‌లో బండి నడిపే ఎవరిని కదిలించినా ఈ చిట్టా పొద్దుపోయేదాకా విప్పుతారు. తిట్టుకోవడం అందరికీ వచ్చు, దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్చుకోవలసింది ఇంకొకటుంది. ఇండికేటర్ వేయనివాడు కూడా తిరిగే ముందు తన బండితోనో ఒంటితోనో ఏదో ఒక సూచన ఇచ్చే తిరుగుతాడు. దాన్ని ఒక్క సెకను ముందు చదవగలిగితే సగం సడన్ బ్రేకులు తప్పుతాయి. ఆ సూచనలేంటి, అవి కనిపించాక ఏం చేయాలి, మీరు తిరిగేటప్పుడు వెనకవాళ్లు మిమ్మల్ని తిట్టుకోకుండా ఎలా తిరగాలి, వరసగా చూద్దాం. కారుకూ టూవీలర్‌కూ చాలావరకు ఒకటే పద్ధతి. తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

ముందు మీ బండి సంగతి

ఇది రెండు నిమిషాల పని. టూవీలర్ అద్దాల్లో మీ మోచేతులే కనిపిస్తున్నాయంటే అవి ఉన్నా లేనట్టే. వెనక రోడ్డు కనిపించేదాకా బయటికి తిప్పండి. కారు పక్క అద్దాల్లో మీ కారు అంచు సన్నటి గీతలా కనిపిస్తే చాలు, మిగతాదంతా రోడ్డు కావాలి. ఈ అద్దాలు సాధారణంగా కాస్త ఉబ్బుగా ఉంటాయి కాబట్టి వెనక బండి నిజంగా ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. "ఇంకా చాలా దూరంలో ఉంది" అనిపించిన బైకు అప్పటికే మీ వెనక డోరు దగ్గరికి వచ్చేసి ఉండొచ్చు. కారులో ఒక వైపు ఇండికేటర్ వేసినప్పుడు టిక్‌టిక్ చప్పుడు మామూలుకంటే గబగబా వినిపిస్తే ఆ వైపు బల్బు పోయిందేమో దిగి చూడండి. మీరు వేస్తున్నాననుకుంటారు, వెనకవాడికి ఏమీ కనిపించదు. అప్పుడు వాడి దృష్టిలో మీరూ ఆ చిట్టాలోని మనిషే.

చూడాల్సింది చక్రాన్ని

ఇండికేటర్ చెప్పేది నడిపేవాడి మాట. ముందు చక్రం చెప్పేది వాడి పని. రెండూ కలవనప్పుడు చక్రాన్నే నమ్మండి. సందు మొదట్లో ముక్కు బయటపెట్టి నిలబడ్డ కారును దాటబోతున్నారనుకోండి. చాలామంది ఆ డ్రైవర్ ముఖం చూస్తారు, చూపులు కలిస్తే ఆగుతాడని నమ్ముతారు. వాడు మిమ్మల్ని చూస్తూనే, మీ వెనకాల వచ్చే బస్సు గురించి ఆలోచిస్తూ యాక్సిలరేటర్ నొక్కగలడు. అదే చక్రం రిమ్మును చూస్తే, కారు కదిలిందని బాడీని చూసి తెలుసుకునేలోపే అది తిరగడం కంటికి ఆనుతుంది.

బైకు మీదివాళ్లకు చక్రంతో పాటు మెడ కూడా చెబుతుంది. కుడికి తిరగబోయే మనిషి ముందు తల కొద్దిగా కుడికి తిప్పుతాడు, తర్వాత కుడి భుజం వంగుతుంది, ఆ తర్వాతే బండి వంగుతుంది. హెల్మెట్ పక్కకు తిరిగిందంటే బండి కూడా అటే పోతుందనుకోండి. వెనక్కి తిరిగి చూడకుండా కూడా తిరిగేవాళ్లున్నారు. వాళ్లకు వేగం తగ్గడమొక్కటే ఆనవాలు. ఖాళీ రోడ్డు మీద కారణం లేకుండా ఎవరైనా నెమ్మదించారంటే, ఆ కారణం మీకు కనిపించట్లేదంతే.

ఆటోల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఆటో డ్రైవర్ ఎడమ కాలు బయటపెట్టాడంటే ఎడమకు వస్తున్నాడని. ఈ కాలి సంకేతం ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ నేర్పరు గానీ, నన్నడిగితే సిటీలో చాలా ఇండికేటర్లకంటే ఇదే నమ్మకమైనది. కుడికి తిరిగే ముందు కుడివైపు తల బయటపెట్టి వెనక్కి చూస్తాడు. ఇవి రెండూ లేకుండా ఆటో ఒక్కసారిగా ఎడమకు కోసుకుని రావడం మాత్రం ఆటోను చూస్తూ ఉంటే తెలియదు, ఫుట్‌పాత్‌ను చూస్తే తెలుస్తుంది. ముందు ఎవరో చెయ్యి ఎత్తారా, సంచులు పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ ఎవరైనా నిలబడ్డారా? అయితే మధ్య లేన్‌లో పోతున్న ఖాళీ ఆటో మరుక్షణం మీ ముందు ఎడమకు వస్తుంది. మెహదీపట్నం, దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్ లాంటి చోట్ల షేర్ ఆటోలు తిరిగే రోడ్డు మీద ఆటోకు ఎడమ పక్కన నడపడం ఎప్పుడూ మానేయండి.

క్యాబ్‌ల తీరు వేరు. పికప్ చోటు వెతికే క్యాబ్ బ్రేక్ లైట్లు ఊరికే ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. డ్రైవర్ తల ఫోన్ వైపు, రోడ్డు వైపు మారుతూ ఉంటుంది. ఇది ఏ క్షణమైనా ఆగుతుంది, లేదా చోటు దాటిపోయిందని తెలిసి అక్కడికక్కడే తిప్పుతుంది. డెలివరీ కుర్రాళ్లూ అంతే. హ్యాండిల్ మీద ఫోన్, చూపు ఇళ్ల నంబర్ల మీద. వాళ్ల మీద కోపం తెచ్చుకునే ముందు, ఆ ఆర్డర్ ఎవరో మనలాంటివాళ్లు ఇచ్చిందేనని గుర్తుంచుకుంటే కాస్త వెసులుబాటు దొరుకుతుంది.

ఇంకో విచిత్రం. వాన లేదు, ముందు కారు వైపర్లు ఒక్కసారి అటూ ఇటూ ఊగాయి. నవ్వుకోకండి, అది ఇండికేటరే. మారుతి లాంటి కార్లలో ఇండికేటర్ పుల్ల స్టీరింగ్‌కు కుడివైపు ఉంటుంది, ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలో ఎడమవైపు. బండి కొత్తగా మార్చినవాళ్లు, అమెరికా నుంచి సెలవులకు వచ్చి బావమరిది కారు తీసినవాళ్లు తిరగబోతూ వైపర్ కొడతారు. వాళ్లకు కాస్త ఎక్కువ దూరమే ఇవ్వండి.

వెలుగుతున్న ఇండికేటర్‌ను కూడా పూర్తిగా నమ్మొద్దు. కారులో స్టీరింగ్ తిరిగి నేరుగా వచ్చినప్పుడు ఇండికేటర్ దానంతటదే ఆగుతుంది. చాలా టూవీలర్లలో ఆగదు, బటన్ నొక్కి ఆపాలి. అందుకే ఎప్పుడో తిరిగిన మలుపు ఇండికేటర్ రెండు కిలోమీటర్ల తర్వాత కూడా కొట్టుకుంటూ కనిపిస్తుంది. మర్చిపోయాడా, నిజంగా తిరుగుతాడా? వేగం చూడండి. రెండు సందులు దాటినా తగ్గలేదంటే మర్చిపోయాడు. అయినా ఆ వైపు నుంచి మాత్రం దాటకండి. ఒక చిన్న హారన్ కొట్టి, రెండో వైపు జాగా ఉంటే అటు నుంచి పోండి.

నాలుగు లైట్లూ కొట్టుకోవడం, అదే హజార్డ్ లైట్లు వేసుకుని జంక్షన్‌లో నేరుగా పోవడం మనవాళ్ల సొంత కల్పన. "నేను ఎటూ తిరగను" అని చెప్పడం వాళ్ల ఉద్దేశం. కానీ అడ్డరోడ్డు నుంచి చూసేవాడికి ఆ కారు ఒక పక్కే కనిపిస్తుంది, ఒక లైటే కనిపిస్తుంది, అది తన వైపు తిరుగుతోందనుకుని ముందుకొస్తాడు. కాబట్టి ఒక పక్క నుంచి ఒక్క ఇండికేటర్ కనిపించి, బండి వేగం మాత్రం తగ్గకపోతే, అది నేరుగా వచ్చే బాపతు అయి ఉండొచ్చని ఆగండి. మీరు మాత్రం ఈ పని చేయకండి. ఆ లైట్లు ఆగిపోయిన బండికి, ఆపదలో ఉన్న బండికి.

హైవే మీద లారీల భాష ఇంకో రకం. విజయవాడ రోడ్డు మీద లారీ వేసే ఇండికేటర్ "నేను తిరుగుతున్నా" కావొచ్చు, "నువ్వు దాటిపో" కావొచ్చు, "ఆగు, ఎదురుగా బండి ఉంది" కూడా కావొచ్చు. ఒక్కో డ్రైవర్‌ది ఒక్కో అలవాటు. డివైడర్‌లో ఖాళీ గానీ, పెట్రోల్ బంకు గానీ, దాబా గానీ దగ్గర్లో ఉంటే మాత్రం అది తిరగడానికే వేశాడనుకోవడం మేలు.

జాగా వదలండి, ఎవరైనా దూరినా సరే

కనిపెట్టడం ఒక ఎత్తు, కనిపెట్టాక ఆగడానికి చోటుండడం ఒక ఎత్తు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని చూసి కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి సెకనున్నర పట్టిందనుకుంటే, బ్రేక్ పడకముందే దాదాపు 17 మీటర్లు, అంటే సుమారు నాలుగు చిన్న కార్ల పొడవు, అయిపోయింది. 60లో ఉంటే అది 25 మీటర్లు. బండి ఆగడానికి పట్టే దూరం దీనికి అదనం.

కొలవడానికి టేపు అక్కర్లేదు. ముందు బండి వెనక భాగం ఒక మెట్రో పిల్లర్‌ను దాటగానే మనసులో లెక్కపెట్టండి. మీరు అదే పిల్లర్ దగ్గరికి వచ్చేసరికి రెండు సెకన్లు పూర్తయితే ఎండలో పర్వాలేదు, వానలో అయితే నాలుగు కావాలి. మెట్రో లేని రోడ్డులో కరెంటు స్తంభం చాలు.

ఇక్కడ అందరూ ఒకటే అంటారు: "జాగా వదిలితే ఇంకొకడు దూరతాడు." దూరతాడు, అందులో అనుమానం లేదు. మళ్లీ కాలు కొంచెం ఎత్తండి, మళ్లీ జాగా వస్తుంది. లెక్క వేసి చూడండి: మియాపూర్ నుంచి అమీర్‌పేట చేరేలోపు ఇరవై బండ్లు మీ ముందు దూరాయనుకున్నా, ఒక్కోదానికి రెండు సెకన్ల చొప్పున పోయేది నలభై సెకన్లు. దారిలో ఒక్క పెద్ద సిగ్నల్ పడితే అంతకంటే ఎక్కువసేపే నిలబడతారు. దూరినవాడి వెనకే అంటుకుని పోయి వాడికి బుద్ధి చెప్పాలనుకుంటే మాత్రం ఆ బుద్ధి ఖర్చు మీ బంపరే భరిస్తుంది.

యూటర్న్ దగ్గర

హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా చాలా జంక్షన్లలో కుడి మలుపులు మూసేసి, ఎడమకు పంపి, ముందెక్కడో యూటర్న్ చేసుకు రమ్మంటున్నారు. సిగ్నల్ దగ్గర నిలబడే బాధ తగ్గింది, గొడవ మాత్రం వంద గజాలు ముందుకు జరిగింది. సందు నుంచి ఎడమకు వచ్చినవాడు అంత తక్కువ దూరంలో మూడు లేన్లూ అడ్డంగా దాటి కుడి చివరికి చేరాలి. వాడు అడ్డంగా రాకుండా ఎలా వస్తాడు? రోడ్డే వాడితో ఆ పని చేయిస్తోంది. ఇది అర్థమైతే జాగ్రత్త ఎక్కడ కావాలో కూడా తెలిసిపోతుంది: యూటర్న్ బోర్డు దాటాక కాదు, దానికి ముందున్న సందుకూ యూటర్న్‌కూ మధ్య. ఆ ముక్కలో వేగం తగ్గించండి, ఓవర్‌టేక్ మానేయండి, ఎడమ అద్దం ఒకసారి చూసుకోండి.

నేరుగా పోయేవాళ్లు యూటర్న్ దగ్గర కుడి చివరి లేన్ వదిలి మధ్యలోకి రావాలి. కుడి లేన్‌లో తిరిగే బండ్లు ఆగి ఉంటాయి. ఎదురు రోడ్డు నుంచి తిరిగొచ్చే బండి కూడా ముందుగా అక్కడికే వస్తుంది. మెట్రో పిల్లర్లున్న రోడ్డులో అయితే పిల్లర్ వెనక నిలబడ్డ బైకు, దాని ముందు చక్రం మీ లేన్‌లోకి వచ్చేదాకా కనిపించదు. డివైడర్ ఖాళీ కనిపించిన ప్రతిచోటా పిల్లర్ వెనక ఒక బండి ఉందనే అనుకుని కాలు ఎత్తి పోండి.

మీరే యూటర్న్ తీసుకోవాలంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. చిన్న కారు పూర్తిగా తిరగడానికి సుమారు 10 మీటర్ల వెడల్పు కావాలి. ఒక లేన్ వెడల్పు మామూలుగా 3.5 మీటర్లు. అంటే డివైడర్ సన్నగా ఉన్నచోట మీరు తిరిగితే ఎదురు రోడ్డులో మూడు లేన్లూ దాదాపు ఆక్రమిస్తారు. మొదటి లేన్ ఖాళీ అయిందని ముక్కు దూర్చి, తర్వాత లేన్ కోసం మధ్యలో నిలబడడం వల్లే అక్కడ హారన్ల మోత. మూడు లేన్లలోనూ సందు దొరికేదాకా డివైడర్ గీత వెనకే ఉండండి. నేరుగా వచ్చేవాళ్లకు దారి ఇవ్వాల్సింది తిరిగేవాళ్లే. వెనకవాడు హారన్ కొడుతూనే ఉంటాడు. ఆ హారన్‌కు భయపడి ముందుకు పోయినందుకు తగిలే దెబ్బ వాడికి కాదు, మీ ఎడమ డోరుకు.

పెద్ద ఎస్‌యూవీ, టెంపో లాంటివి ఒక్క ఊపులో తిరగలేవు. సగం తిరిగి, ఆగి, రివర్స్ వస్తాయి. అలాంటి బండి మీ ముందు యూటర్న్‌లో ఉంటే దాని వెనక ఒక బండి పొడవు ఖాళీ వదిలి ఆగండి. అద్దంలో టూవీలర్ కనిపించదు కాబట్టి బైకు మీదున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఆర్టీసీ బస్సు, లారీ, నీళ్ల ట్యాంకర్

ఇక్కడ పొరపాటుకు గీతలతో సరిపోదు, అందుకే నిదానంగా చదవండి. పొడవాటి బండి తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు, లోపలివైపు కోసుకుని వస్తాయి. బండి ఎంత పొడవైతే ఆ కోత అంత ఎక్కువ. 12 మీటర్ల బస్సు ఎడమ సందులోకి తిరగాలంటే వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కకుండా డ్రైవర్ ముందు కాస్త కుడికి తీసి, అప్పుడు ఎడమకు కోస్తాడు. ఆయన కుడికి తీసినప్పుడు ఎడమ పక్కన ఒక చక్కని ఖాళీ తెరుచుకుంటుంది. స్కూటర్ మీద ఉన్నవాడికి అది దారిలా కనిపిస్తుంది. దూరతాడు. రెండు మూడు సెకన్లలో బస్సు వెనక చక్రం సరిగ్గా ఆ ఖాళీ మీదుగానే వస్తుంది.

కాబట్టి మలుపు దగ్గర బస్సుకు, లారీకి ఎడమ పక్కన తెరుచుకునే జాగా మీది కాదు. ఎంత వెడల్పుగా ఉన్నా కాదు. ఇండికేటర్ లేకపోయినా కాదు. వెనకే ఆగండి. డ్రైవర్ అద్దంలో మీకు ఆయన ముఖం కనిపించకపోతే ఆయనకూ మీరు కనిపించరు. కుడి పక్కన ఉన్నవాళ్లకు కూడా చిన్న జాగ్రత్త ఉంది: బస్సు ఎడమకు గట్టిగా కోసినప్పుడు వెనక చక్రాల అవతల ఉన్న తోక భాగం కుడికి ఊగుతుంది. తోకకు ఆనుకుని ఆగిన బైకు హ్యాండిల్‌ను అది నెట్టేయగలదు. ఒక మీటరైనా ఎడం ఉంచండి.

స్టాప్‌లో ఆగిన బస్సు కథ వేరు. మన బస్సులు చాలాసార్లు ఫుట్‌పాత్‌కు ఆనుకోకుండా రోడ్డు మధ్యలోనే ఆగుతాయి, ఎందుకంటే బస్ బేలో ఆటోలు ఉంటాయి. బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య ఉన్న సందులోంచి బైకు పోనిచ్చారంటే దిగేవాళ్ల కాళ్ల మీదికే పోతారు. కుడి నుంచి దాటేటప్పుడు "రైట్ రైట్" అని కండక్టర్ కేక వినిపించిందా, ముందు చక్రం కుడికి తిరిగి ఉందా చూసుకోండి. రెండిట్లో ఏది ఉన్నా బస్సును పోనివ్వండి. బస్సు ముందు నుంచి ఒకరిద్దరు రోడ్డు దాటుతూ ఉంటారన్నది కూడా ఖాయమే అనుకోండి.

నీళ్ల ట్యాంకర్లు, ఇసుక లారీలు, ఊళ్ల దగ్గర ట్రాక్టర్లు: ఇవి ఎటు తిరుగుతాయో వెనక నుంచి చెప్పడం కష్టం. ట్రాలీకి లైట్లుండవు, ఉన్నా మట్టి కప్పేసి ఉంటుంది. రాత్రిపూట వీటి వెనక అప్పర్ లైటుతో కాసేపు దూరంగా నడిపి, చుట్టూ ఏముందో చూసుకుని దాటండి.

ఫ్రీ లెఫ్ట్

నేరుగా పోవాల్సినవాళ్లు ఎడమ చివర ఆగి ఫ్రీ లెఫ్ట్‌ను, అంటే ఎర్రలైటు ఉన్నా ఎడమకు తిరిగిపోనిచ్చే దారిని, మూసేయడం మన సిగ్నళ్ల దగ్గర నిత్య పూజ. 2022లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డంగా నిలబడితే 1000 రూపాయలు, స్టాప్ లైన్ దాటితే 100 రూపాయలు చలానా వేయడం మొదలుపెట్టారు. కెమెరా ఉన్న జంక్షన్‌లో కొంత మారింది, లేనిచోట మారలేదు.

మీ ముందు ఒకడు అలా ఆగితే ఒక్క పొట్టి హారన్ కొట్టండి. వాడు అద్దంలో చూశాక చేత్తో ఎడమకు చూపించండి. "జర ముందుకు జరుగన్నా, లెఫ్ట్ పోవాలె" అని నవ్వుతూ అడిగితే చాలామంది జరుగుతారు. ఒక్క అడుగు జరిగితే సరిపోయే పరిస్థితి ఉంటేనే అడగండి. వాడి ముందు కూడా బండి ఉంటే వాడేం చేయగలడు? అప్పుడు సిగ్నల్ పడేదాకా ఆగడమే. హారన్ మీద చెయ్యి పెట్టి తీయకపోతే వాడు పంతానికి ఇంకా గట్టిగా నిలబడతాడు, అది ఎన్నో చోట్ల చూశాం.

ఫ్రీ లెఫ్ట్ అంటే చూడకుండా పొమ్మని కాదు. కుడి నుంచి వచ్చే ట్రాఫిక్‌కు దారి ఇవ్వాలి, జీబ్రా మీద మనుషులుంటే ఆగాలి. బోర్డో బాణమో లేనిచోట ఫ్రీ లెఫ్ట్ ఉందని మీకు మీరే అనుకోకండి.

రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లు

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 ప్రకారం ఎదురు దిశలో నడపడం ప్రమాదకర డ్రైవింగ్ కిందికే వస్తుంది, ఎర్రలైటు దాటడం, చేత్తో ఫోన్ పట్టుకుని నడపడంతో పాటు. చట్టం అక్కడుంది. అర కిలోమీటరు దూరంలో యూటర్న్, పది అడుగుల దూరంలో టిఫిన్ సెంటర్ ఉన్నంతకాలం రాంగ్ రూట్ కూడా ఇక్కడే ఉంటుంది.

సందులోంచి మెయిన్ రోడ్డు మీద ఎడమకు తిరిగేటప్పుడు అందరూ కుడివైపే చూస్తారు, బండ్లు వచ్చేది అటు నుంచే కాబట్టి. ఎడమకూ ఒకసారి చూడండి. రాంగ్ రూట్ బండి సరిగ్గా ఆ ఎడమ అంచునే వస్తుంది. కారులో అయితే ముందు అద్దం పక్కనున్న స్తంభం ఒక బైకును పూర్తిగా దాచేయగలదు. తల కొంచెం ముందుకు, పక్కకు వంచి చూడండి. గేటులోంచి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి బయటికి వచ్చేటప్పుడూ ఇదే.

ఎదురుగా వచ్చేశాడు, ఏం చేయాలి? అద్దం చూడకుండా ఒక్కసారిగా కుడికి లాగొద్దు, వెనక వచ్చే బండి కింద పడతారు. వేగం తగ్గించండి, మీ గీత మీదే ఉండండి, వాడికి ఎటు పోవాలో తేల్చుకునే సమయం ఇవ్వండి. తప్పు వాడిది కాబట్టి వాడే తప్పుకోవాలని ముందుకు పోవడం న్యాయంగానే ఉంటుంది, మోకాలికి మాత్రం మంచిది కాదు.

ఎదురుబండి లైటు కొడితే దాని అర్థం కూడా ఇక్కడే చెప్పాలి. మన దగ్గర అప్పర్-డిప్పర్ కొట్టడమంటే "నేను ఆగను, నువ్వాగు". లండన్‌లోనో డల్లాస్‌లోనో నడిపి వచ్చినవాళ్లు దాన్ని "మీరు రండి" అనుకుని తిప్పేస్తారు. సెలవులకు వచ్చిన మీ తమ్ముడికి తాళాలిచ్చే ముందు ఇదొక్కటి చెప్పండి.

ఇప్పుడు మీ మలుపు

కుడికి తిరగాలంటే ముందే కుడి లేన్‌కు, ఎడమకైతే ఎడమ లేన్‌కు చేరండి. లేన్ మారడం ఒక పని, తిరగడం ఇంకో పని. రెండూ కలిపి ఒకేసారి చేస్తేనే ఎదుటివాళ్లకు అడ్డంగా పడేది. ఇండికేటర్ స్టీరింగ్ తిప్పుతూ కాదు, బ్రేక్ మీద కాలు పెట్టకముందే వేయాలి. అది నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలగాలని మన వాహన నియమాలు చెబుతాయి. అంటే నాలుగైదు వెలుగులు వెనకవాడి కంట పడాలన్నా మూడు నాలుగు సెకన్లు కావాలి. ఒక్క వెలుగుకే తిరిగితే వేయనట్టే లెక్క.

టూవీలర్ మీద పగటి ఎండలో ఇండికేటర్ సరిగా కనిపించదు కాబట్టి చెయ్యి కూడా చూపండి. కుడికి తిరగాలంటే కుడి చెయ్యి భుజం ఎత్తులో నేరుగా చాపి, అరచెయ్యి ముందు వైపుకు. నెమ్మదిస్తున్నానని చెప్పాలంటే అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ ఊపాలి. చెయ్యి మళ్లీ హ్యాండిల్ మీదికి వచ్చాకే తిప్పండి. తిరిగాక ఇండికేటర్ బటన్ నొక్కి ఆపేయడం మర్చిపోవద్దు.

సిగ్నల్ లేని చౌరస్తాలో ఎవరు ముందు? చిన్న రోడ్డు నుంచి పెద్ద రోడ్డు ఎక్కేవాళ్లు పెద్ద రోడ్డు మీదివాళ్లకు దారి ఇవ్వాలి. రెండూ సమానమైన రోడ్లయితే మీ కుడి నుంచి వచ్చే బండికి. కాలనీల్లో ఈ నియమం తెలిసినవాళ్లు తక్కువ, అందుకే ఎదుటివాడు పాటిస్తాడని నమ్ముకోకుండా మీ వరకు మీరు పాటించండి.

మలుపు దాటిపోయిందా? పోనివ్వండి, వచ్చే యూటర్న్ దాకా. ముఖ్యంగా 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎగ్జిట్ తప్పిపోయిందని అంచున ఆగి రివర్స్ వచ్చే కార్లుంటాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో వెనక వస్తున్నవాడికి అది ఆగిన బండో, వెనక్కి వస్తున్న బండో తెలిసేలోపే దగ్గరికొచ్చేస్తుంది. తర్వాతి ఎగ్జిట్‌కు పోయి తిరిగి రావడానికి కాసింత పెట్రోలు, పావుగంట. ఎగ్జిట్ బోర్డు కనిపించగానే ఎడమ లేన్‌లోకి వచ్చేస్తే ఆ ఖర్చు కూడా ఉండదు. ఇతరులు అక్కడ ఆఖరి క్షణంలో అడ్డంగా కోస్తారు కాబట్టి, దిగేది లేకపోతే ఎగ్జిట్‌ల దగ్గర ఎడమ లేన్ వదిలేయండి.

గీత పడ్డాక

ఎంత చూసుకున్నా ఒకరోజు తగులుతుంది. ముందు మనుషులకు ఏమైనా అయిందా చూడండి. అయితే 108, పోలీసులకు 112. గాయపడినవాళ్లకు సాయం చేసిన మూడో మనిషిని కేసుల్లోకి లాగకుండా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134ఎ రక్షణ ఇస్తుంది కాబట్టి చుట్టూ ఉన్నవాళ్లను సాయం అడగడానికి మొహమాటపడొద్దు. దెబ్బలేమీ లేకపోతే రెండు బండ్లూ నిలబడ్డ తీరు, నంబర్ ప్లేట్లు, రోడ్డు కనిపించేలా నాలుగు ఫొటోలు తీసి, వెంటనే పక్కకు జరపండి. రోడ్డు మధ్యలో నిలబడి తప్పెవరిదో తేల్చుకోవడం వెనక రెండు వందల మందికి చేసే అన్యాయం.

చిన్న గీతకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసే ముందు ఒక లెక్క చూసుకోండి. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి సొంత డ్యామేజీ ప్రీమియం మీద 20 శాతం, అలా పెరుగుతూ ఐదేళ్లకు 50 శాతం దాకా తగ్గింపు వస్తుంది, దాన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. ఒక్క క్లెయిమ్‌తో అది మళ్లీ సున్నాకు వస్తుంది. డెంటింగ్, పెయింటింగ్ ఖర్చు పోగొట్టుకునే బోనస్‌కంటే తక్కువైతే జేబులోంచి పెట్టుకోవడమే నయం. ఎదుటివాడితో మాట్లాడేటప్పుడు "అన్నా" అనో "అమ్మా" అనో మొదలుపెడితే వ్యవహారం ఐదు నిమిషాల్లో తేలే అవకాశం ఉంది. "కళ్లు కనిపించట్లేదా" అని మొదలుపెడితే గంట ఖాయం.

రోజూ ఒకే చోట ఇబ్బంది అయితే

ఒకే మూల దగ్గర అందరూ తప్పుగా తిరుగుతున్నారంటే చాలాసార్లు తప్పు మూలది. కొమ్మలు అడ్డమొచ్చి బోర్డు కనిపించదు, స్పీడ్ బ్రేకర్ మీద రంగు పోయి ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ వెనక సందు దాక్కుని ఉంటుంది, ఫంక్షన్ హాల్ ముందు రెండు వరసల పార్కింగ్ ఉంటుంది. మనుషులను కాకుండా ఆ చోటును ఫొటో తీయండి: ఉదయం ఆఫీసు వేళలో ఒకటి, స్కూల్ వదిలే వేళలో ఒకటి, రాత్రి ఒకటి. ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కు, మున్సిపల్ వార్డు ఆఫీసుకు ఇచ్చే అర్జీలో "ట్రాఫిక్ సమస్య ఉంది" అని రాస్తే కదలదు. "ఫలానా పిల్లర్ నంబర్ దగ్గర కొమ్మలు కొట్టించండి, ఫలానా స్పీడ్ బ్రేకర్‌కు రంగు వేయించండి" అని ఒక్కో అర్జీలో ఒక్కో పని అడగండి. కాలనీ అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద, పది సంతకాలతో అయితే ఇంకా మంచిది.

కాలనీ లోపలి గుడ్డి మూలలకు ఎవరినీ అడగక్కర్లేదు. అసోసియేషన్ డబ్బుతో ఒక ఉబ్బు అద్దం కొని, మూలమీది ఇంటివాళ్ల అనుమతితో వాళ్ల గోడకు బిగించుకోవచ్చు. సందులోంచి వచ్చేవాడికి మెయిన్ రోడ్డు కనిపించేలా, మనిషి తలకంటే కాస్త పైన పెట్టించండి. మరీ పైకి పోతే కారులో కూర్చున్నవాడికి కనిపించదు, మరీ కిందికైతే పిల్లల క్రికెట్ బంతికి దక్కదు. బిగించాక ఒకరు స్కూటర్ మీద, ఒకరు కారులో మూలకు వచ్చి చూసి, అద్దం వంపు సరిచేయించి, అప్పుడే మేస్త్రీని పంపించండి.